పలక తీసిన నేల
(పెద్దదోర్నాలలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆ మాస్టారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆయన గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. క్వారీ పనికి పోయే ఇళ్ల పిల్లలు బడి మానేస్తే ఆయన సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి, తండ్రితో మాట్లాడి, మర్నాడు బడికి పిలిపించుకునేవారని నాకు చెప్పారు. దేశంలో ఎన్ని లక్షల మంది పిల్లలో మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దుకున్నారు. ఆ పలక తీసినవాడి బిడ్డకు చదువు అందకపోవడం ఆయనను బాధపెట్టేది. మనుషుల సంగతి ఆయన జీవితమంతా పట్టించుకున్నారు. ఆ మనుషులు పని చేసిన నేల సంగతి ఈ రోజు మాట్లాడదామని ఈ విషయం ఎంచుకున్నాను. పరిశ్రమ వాడుకుని వదిలేసిన నేలను శుభ్రం చేసి మళ్లీ పదిమందికీ పనికొచ్చేలా ఎలా చేయాలన్నదే నా ప్రశ్న.

మన మార్కాపురం పలక రాయి కడప శిలా సముదాయానిది. అందులోనూ నల్లమల వర్గంలో, భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరు పెట్టిన పొరల్లోది. ఆ కంభం మన కంభమే. వంద కోట్ల ఏళ్లకు పైబడిన బురద అది. నీటి అడుగున పేరుకుని, తర్వాత భూమి ఒత్తిడికి నలిగి, పల్చగా విడిపోయే గుణం తెచ్చుకుంది. ఆ గుణమే ఈ ప్రాంతానికి తిండి పెట్టింది.

పలక చీల్చే పని దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. గుంతలోంచి తీసిన దిమ్మెలో సహజమైన తడి ఉంటుంది. అది ఆరిపోతే రాయి సరిగా చీలదు. పనివాడు దిమ్మెను అంచు మీద నిలబెట్టి, పల్చటి ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తడతాడు. గట్టిగా కొడితే ముక్కలవుతుంది. చెయ్యి తిరిగినవాడు చప్పుడు విని లోపల పగులు ఉందో లేదో చెబుతాడు. చీలిక సమంగా వస్తే పలక, దారి తప్పితే ఆ ముక్క గుట్ట మీదికి పోతుంది. ఆ తర్వాత అంచులు కొయ్యడం, నునుపు పట్టడం, చెక్క చట్రం బిగించడం. ఈ కొయ్యడం, నునుపు పట్టడం దగ్గరే దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు.

పలక రాయి పరిశ్రమలో చేతికి దక్కేది తక్కువ, పారేసేది ఎక్కువ. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం ఒకప్పుడు ప్రపంచమంతటి ఇళ్లకూ పైకప్పు పలకలు పంపింది. అక్కడ ఒక టన్ను సరుకు తయారు కావాలంటే పది టన్నులు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే గుట్ట మీద పోయాల్సి వచ్చేది. మార్కాపురం చుట్టుపక్కల గుట్టల్ని చూసినవాళ్లకు ఇక్కడి లెక్క దానికంటే మెరుగ్గా ఉంటుందని అనిపించదు. రాతపలకకు గిరాకీ పడిపోయింది. నోటు పుస్తకం వచ్చింది, ప్లాస్టిక్ పలక వచ్చింది. నేలకూ గోడలకూ వేసే పలకల వైపు మళ్లిన క్వారీలు నిలబడ్డాయి, మిగిలినవి ఆగిపోయాయి. ఆగిపోయిన క్వారీ ఎలా ఉంటుందో మీకు వర్ణించి చెప్పనక్కర్లేదు. నిటారు గోడల గుంత, దాని నిండా నీళ్లు, గట్టున రాతి ముక్కల గుట్ట, దాని అంచుల్లో జిల్లేడు, తంగేడు. కంచె ఉండదు. బోర్డు ఉండదు. ఎవరిదని అడిగితే ఎవరూ నిలబడి చెప్పరు.

ఇది కలుషితమైన నేలేనా అని నన్ను అడిగినవాళ్లున్నారు. రసాయనాల కంపెనీ వదిలేసిన నేలతో దీన్ని పోల్చలేం, నిజమే. కానీ ప్రమాదం ఉందా లేదా అని చూసేటప్పుడు శాస్త్రం మూడు సంగతులు అడుగుతుంది. హాని చేసే పదార్థం ఏది, అది ఏ దారిన బయటికి వస్తుంది, చివరికి ఎవరి ఒంట్లో చేరుతుంది. ఈ మూడూ కలిసినప్పుడే ప్రమాదం. మధ్యలో దారి మూసేస్తే మూలం అక్కడే ఉన్నా మనిషి క్షేమంగా ఉంటాడు. నేలను శుభ్రం చేసే పనిలో సగం ఈ దారులు మూయడమే.

పలక రాయిలో హాని చేసేది సిలికా. రాయి రాయిగా ఉన్నంతకాలం దానివల్ల ఏమీ కాదు. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని రేణువులుగా మారి గాలిలో కలిసినప్పుడు అది ఊపిరితిత్తుల అట్టడుగు దాకా పోతుంది, మళ్లీ బయటికి రాదు. దాని చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. దానికి మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాల పరిశ్రమ కార్మికులు ఈ జబ్బుతో చిన్న వయసులోనే చనిపోవడం దేశమంతా చర్చకు వచ్చింది. మన వైపు ఎండుదగ్గుతో ఆసుపత్రికి పోయిన క్వారీ మనిషికి క్షయ అని పేరు పెట్టి మాత్రలిచ్చి పంపడం కొత్త సంగతి కాదు. సిలికా పట్టిన ఊపిరితిత్తికి క్షయ తొందరగా సోకుతుంది కూడా. కాబట్టి డాక్టరు ముందుగా అడగాల్సింది నువ్వేం పని చేశావని.

ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, గుట్టలు వదిలించుకోవడానికి ఈ మధ్య వినిపిస్తున్న ఉపాయం ఒకటుంది. అన్నీ క్రషర్‌లో వేసి కంకర, పొడి చేసి అమ్మేద్దాం అంటున్నారు. వినడానికి బాగుంది. గుట్ట కరుగుతుంది, డబ్బూ వస్తుంది. కానీ పదేళ్లుగా కదలకుండా పడి ఉన్న సిలికాను మళ్లీ గాలిలోకి లేపేది సరిగ్గా ఆ క్రషరే. నీళ్లు చల్లే ఏర్పాటు, మూసిన షెడ్డు, దుమ్ము లాగే యంత్రం, పనివాళ్లకు ఏటా ఊపిరితిత్తుల పరీక్ష, ఇవన్నీ లేకుండా క్రషర్‌కు అనుమతి ఇస్తే గట్టున పడున్న ప్రమాదాన్ని ఇళ్లలోకి తెచ్చుకున్నట్టే.

గుంతలోని నీళ్ల సంగతికొస్తే, అవి తేటగా ఉంటాయి కనుక మంచివని అందరూ అనుకుంటారు. పలక రాయిలో కొన్నిచోట్ల గంధకం కలిసిన ఇనుప ఖనిజం ఉంటుంది. గాలి, నీరు తగిలితే దాన్నుంచి ఆమ్లం పుడుతుంది, లోహాలను కరిగిస్తుంది. అన్ని గుంతల్లోనూ అలా జరుగుతుందని కాదు. పరీక్ష చేయకుండా ఏ గుంత నీళ్లూ తాగడానికి వాడకూడదు. ఫ్లోరైడ్‌తో వంకరపోయిన కాళ్లను చూసిన పశ్చిమ ప్రకాశానికి నీళ్ల పరీక్ష విలువ వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా పిల్లలు ఎండాకాలం ఈతకు దిగేది ఈ గుంతల్లోకే. చెరువుకు ఉన్నట్టు వీటికి ఏటవాలు గట్టు ఉండదు. ఒక్క అడుగు తప్పితే లోతు.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ భయం కలిగించే సంగతి వేరే ఉంది. ఖాళీ గుంత కనపడితే చెత్త పోయాలనిపిస్తుంది. మునిసిపాలిటీకి స్థలం కావాలి, ఆసుపత్రి చెత్తకు చోటు కావాలి, ఎక్కడిదో ట్యాంకర్ రాత్రిపూట దించిపోవడానికి మరుగు కావాలి. చాలాచోట్ల క్వారీ గుంత అడుగు భూగర్భ జలమట్టం కంటే కిందికి పోయి ఉంటుంది. పలక రాయి పొరల మధ్య సందుల్లోంచి నీరు నడుస్తుంది. అలాంటి గుంతలో చెత్త పోస్తే ఆ ఊరి బోర్లలోకి నేరుగా గొట్టం వేసినట్టే. రాయి తీసినందువల్ల పోయిన నేల మహా అయితే కొన్ని ఎకరాలు. చెత్త పోసినందువల్ల పోయే నీళ్లు ఎన్ని ఊళ్లవో లెక్కకట్టలేం.

శుభ్రం చేయకుండా జనానికి వదిలేస్తే ఏమవుతుందో ప్రపంచానికి నేర్పిన ఊరు అమెరికాలో ఉంది. నయాగరా జలపాతం పక్కన లవ్ కెనాల్ అనే పాత కాలువ గుంత. హుకర్ కెమికల్ అనే కంపెనీ 1942 నుంచి 1953 దాకా అందులో దాదాపు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చి, పైన మట్టి కప్పి, ఒక్క డాలరుకు స్థానిక పాఠశాల బోర్డుకు అమ్మింది. ఆ నేల మీద బడి కట్టారు, చుట్టూ ఇళ్లు వెలిశాయి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ ఇళ్ల నేలమాళిగల్లోకి విషం ఊరింది. 1978లో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించి, బడి మూసి, కుటుంబాలను ఖాళీ చేయించారు. అందుకోసం పోరాటం నడిపింది ఆ వీధుల తల్లులు. 1980లో అమెరికా తెచ్చిన సూపర్‌ఫండ్ చట్టం వాళ్ల పుణ్యమే. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రానికి ఆ చట్టం కోరలిచ్చింది. బడి కోసం చౌకగా స్థలం దొరికిందని సంతోషించిన ఆ బోర్డు సభ్యులు చెడ్డవాళ్లు కారు. నేలలో రసాయనాలున్నాయని అమ్మకపు పత్రంలోనే రాసి ఉన్నా, అవి ఏం చేస్తాయో వాళ్లు గట్టిగా అడగలేదు.

మన దగ్గర అడుగుతున్నామా? హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు రైతులు ఫ్యాక్టరీల వల్ల వచ్చిన నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆ వ్యాజ్యం చేతులు మారి, హరిత ట్రిబ్యునల్ తీర్పు దాకా రావడానికి 2017 అయింది. కేసు వేసేనాటికి బడిలో చేరిన పిల్లలు తీర్పు వచ్చేనాటికి తల్లిదండ్రులయ్యారు. ప్రపంచ బ్యాంకు అప్పుతో 2010లో మొదలైన ఒక పథకం కింద ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ కాటేదాన్ పక్కన నూర్ మహమ్మద్ కుంటను, కడప చెత్త డంపును బాగు చేయడానికి ఎంచుకున్నారు. అంత పెద్ద రాష్ట్రంలో రెండే చోట్లు. 2025 చివర్లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ లోపలి పాత పారిశ్రామిక వాడల్ని, సుమారు 9,300 ఎకరాలను, ఇళ్లకూ వ్యాపారాలకూ మార్చుకోవచ్చని విధానం తెచ్చింది. దాని చుట్టూ నడిచిన వాదమంతా భూమి ధర గురించి. దశాబ్దాలుగా యాసిడ్లు, రంగులు, మందుల వ్యర్థాలు ఇంకిన మట్టి మీద పిల్లలు ఆడుకోబోతున్నారన్న మాట ఆ వాదంలో నాకు తగినంత వినపడలేదు. ప్రతి ఎకరానికీ మట్టి పరీక్ష, నీటి పరీక్ష బయట పెట్టిన తర్వాతే ఇంటి అనుమతి అన్న ఒక్క షరతు చాలు. లవ్ కెనాల్ జరిగి యాభై ఏళ్లవుతున్నా ఆ షరతు అడగడానికి మనం మొహమాటపడటం నాకు అర్థం కాదు.

మనకు దగ్గర్లో ఉన్నదాన్ని కూడా తలుచుకోవాలి. పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలం బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం గని నడిపింది, మూసేసింది. అదే సంస్థకు విశాఖలో 1977లో మొదలైన జింకు కరిగింపు కర్మాగారం 2012లో ఆగిపోయింది. అలాంటి చోట్ల మట్టిలో మిగిలేవి సీసం, కాడ్మియం లాంటి లోహాలు. చెత్త కుళ్లుతుంది, నూనె కొన్నాళ్లకు విరుగుతుంది. లోహం విరగదు. దాన్ని తవ్వి తీసి భద్రమైన చోట పెట్టాలి, లేదా సున్నం, ఫాస్ఫేట్ లాంటివి కలిపి కదలకుండా చేసి, పైన బంకమట్టి కప్పాలి. మొక్కల చేత లాగించే పద్ధతి ఒకటుంది గాని, దానికి ఏళ్లు పడుతుంది, ఆ మొక్కల్ని మేకలు మేయకుండా చూడాలి. ఇంటి స్థలానికి కావాల్సినంత శుభ్రత, పార్కుకు కావాల్సినంత, సోలార్ పలకలు పెట్టడానికి కావాల్సినంత, ఈ మూడూ వేరు వేరు. ముందు వాడకం తేల్చుకుంటే ఖర్చు తేలుతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానం ఉన్న స్థలాల జాబితా పంపాలి. కాలుష్య నియంత్రణ మండలి గడువు లోపల ప్రాథమిక పరిశీలన, తర్వాత పూర్తి పరీక్ష చేయాలి. తేలితే జనానికి తెలియజేయాలి, బాధ్యుడి చేత బాగు చేయించాలి. చాలా ఆలస్యంగా వచ్చినా మంచి నియమాలే. కానీ గనుల తవ్వకం వల్ల వచ్చిన కాలుష్యాన్ని, చెత్త డంపుల్ని ఈ నియమాలు తమ పరిధి నుంచి తీసేశాయి, వాటికి వేరే చట్టాలున్నాయని. అంటే మార్కాపురం గుంతకు ఈ తలుపు మూసే ఉంది.

ఆ వేరే చట్టాలు ఏమంటున్నాయి? 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్న తరహా ఖనిజాల జాబితాలో చేర్చింది. అందులో పలక రాయి ఉంది. ఆ రోజు నుంచి దాని పెత్తనం రాష్ట్ర ప్రభుత్వానిదే. ఢిల్లీ వైపు చూపించే సాకు పోయింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, తవ్వకం అయిపోయిన నేలలో గడ్డి మొలిచేలా, పశువులకు మేతగా పనికొచ్చేలా లీజుదారు తన ఖర్చుతో చేసి అప్పగించాలని, ఆ షరతు లీజుల్లో పెట్టాలని చెప్పింది. జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి ఉన్నదే గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం. చిక్కల్లా పాత గుంతలతోనే. లీజు ఎప్పుడో అయిపోయింది, లీజుదారు లేడు, ఉన్నా కట్టలేడు. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. అలాంటి వాటి బాధ్యత ఇన్నాళ్లూ రాయి మీద సీనరేజి రుసుము వసూలు చేసుకున్న ప్రభుత్వానిదే.

బాగు చేసుకోవచ్చా అన్న సందేహం ఉన్నవాళ్లకు మళ్లీ వేల్స్ సంగతి చెబుతాను. స్వాన్సీ నగరం ఒకప్పుడు ప్రపంచానికి రాగి కరిగించి పోసింది. కర్మాగారాలు పోయాక నది పక్కన వెయ్యి ఎకరాలకు పైగా నల్లటి చిట్టెం గుట్టలు, గడ్డి పరక మొలవని మట్టి మిగిలాయి. 1961లో అక్కడి విశ్వవిద్యాలయం, పురపాలక సంస్థ, ప్రభుత్వం కలిసి పరిశీలన మొదలుపెట్టాయి. మట్టి, నీరు, భూమి యజమానులు, జనం అభిప్రాయం అన్నీ రాసుకుని 1967లో నివేదిక వేశారు. వాళ్లకు కష్టం తెచ్చిన వాటిలో లోహాలతో పాటు ముక్కలు ముక్కలుగా ఉన్న యాజమాన్యం కూడా ఉంది. చెట్లు నాటిన వాళ్లలో బడిపిల్లలు ఉన్నారు. తమ చేత్తో నాటిన మొక్కల్ని వాళ్లే కాపాడుకున్నారు. ఇవాళ ఆ లోయలో అడవి ఉంది, పనులిచ్చే సంస్థలున్నాయి, క్రీడా మైదానం ఉంది. నలభై ఏళ్ల పని అది. వాళ్లు మొదటి ఆరేళ్లు కాగితం మీద లెక్క రాయడానికే పెట్టారన్నది మనం గమనించాలి.

పలక రాయి క్వారీల సంగతైతే మరీ దగ్గరి పోలిక. వేల్స్‌లో దినోర్విక్ క్వారీ 1969లో మూతబడింది. దాని వర్క్‌షాపులో 1972లో పలక రాయి మ్యూజియం తెరిచారు. క్వారీ ఉన్న కొండ కడుపులో జలవిద్యుత్ కేంద్రం కట్టి 1984లో ప్రారంభించారు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి 1,700 మెగావాట్లకు పైగా తీసే కేంద్రం అది. 2021లో ఆ ప్రాంతపు పలక రాయి క్వారీల నేలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. అక్కడి కార్మికుడి ఉలికీ మన కార్మికుడి ఉలికీ తేడా లేదు. వాళ్ల ఉలి అద్దాల బీరువాలో ఉంది. మన వాళ్ల చేతిపని ఎక్కడా రాసి లేదు. పాత క్వారీ షెడ్డు ఒకటి చూసి మార్కాపురంలో అలాంటి మ్యూజియం పెట్టడానికి కోట్లు అక్కర్లేదు. పలక చీల్చగల పెద్దవాళ్లు ఇంకా బతికున్నారు. వాళ్లు ఉండగానే జరగాలి.

మరి దోర్నాలకు దీనితో సంబంధం ఏమిటని అడగవచ్చు. పలక గుంతలు మార్కాపురం వైపు ఉన్నాయి, మనది శ్రీశైలం ఘాట్ మొదలయ్యే ఊరు, అడవి అంచు. కానీ మన మండలానికి కూడా గుట్టలు వచ్చాయి. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కోసం నల్లమల కింద తవ్విన రెండు సొరంగాల పొడవు చెరి 18.8 కిలోమీటర్లు. ఒకదాని లోపలి వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2. ఆ కొలతల మీదే లెక్కేసినా దాదాపు 20 లక్షల ఘనపు మీటర్ల రాయి. యంత్రాలు కొత్తూరు వైపు నుంచి లోపలికి పోయాయి కనుక అందులో చాలా భాగం మన మండలంలోనే బయటికి వచ్చింది. నీళ్ల కోసం ఈ ప్రాంతం ఎన్నేళ్లు ఎదురు చూసిందో తెలిసినవాణ్ణి, ఆ సొరంగాలను నేను తప్పు పట్టను. ఆ రాయిలో ఏముంది, వాన పడితే ఏ వాగులోకి దిగుతుంది, రోడ్లకు పనికొస్తుందా, దాని మీద మట్టి పరిస్తే చెట్టు నిలుస్తుందా, ఇవి మాత్రం తేల్చాలి. ఆ వాగుల నీళ్లు తాగేవాళ్లలో చెంచు గూడేలవాళ్లున్నారు.

ఉత్త రాతి ముక్కల మీద మొక్క నిలవదు. నీరు నిలవదు, పోషకం ఉండదు. వేసవిలో చెరువుల్లో తీసే పూడిక మట్టిని గుట్ట వాలు మీద అడుగు మందాన పరిచి, మెట్లు కట్టి, కానుగ, వేప, సీతాఫలం లాంటి ఇక్కడి చెట్లే పెడితే మూడు వానాకాలాల్లో తేడా కనపడుతుంది. చెరువు లోతవుతుంది, గుట్ట పచ్చబడుతుంది, ఉపాధి హామీ కింద కూలీ దొరుకుతుంది. లోతు లేని గుంతల అంచుల్ని ఏటవాలుగా కొట్టి పశువులు దిగేలా చేయొచ్చు. నీళ్లు మంచివని తేలిన గుంతల్ని ఎండాకాలం సాగునీటికి వాడొచ్చు. నిటారు గుంతలకు కంచె ఒక్కటే దారి. ఏ గుంతకు ఏది తగునో చెప్పడానికి ముందు ఏ గుంత ఎక్కడుందో తెలియాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, లోతు, చివరి లీజుదారు, నీటి పరీక్ష ఫలితం, ఎవరైనా చెత్త పోస్తున్నారా, ఇంతే, ఒక్కో గుంతకు ఒక్క పేజీ. ఈ రిజిస్టరు లేనంతకాలం ఎంత నిధి వచ్చినా ఎవరికి నచ్చిన చోట వాళ్లు ఖర్చు పెడతారు.

సభలో సర్పంచులు ఉన్నారు, మాస్టార్లు ఉన్నారు, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. మీకు నా మనవి ఇది. వచ్చే గ్రామసభలో ఊరి పొలిమేరలో వదిలేసిన గుంతల, గుట్టల జాబితా తయారు చేయాలని తీర్మానం పెట్టించండి. పిల్లలూ, మీ సైన్సు మాస్టారితో కలిసి ఆ పేజీలు మీరే రాయండి. గుంత నీళ్ల దగ్గరికి మాత్రం పెద్దవాళ్లు తోడు లేకుండా పోవద్దు. రాసింది గనుల శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరు గారికి మూడు కాపీలు పంపి, అందినట్టు సంతకం తీసుకోండి. క్వారీలో పని చేసి దగ్గుతున్న మనిషి మీ వీధిలో ఉంటే ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆయన చేసిన పని ఏమిటో చీటీ మీద రాయించండి. వచ్చే ఏడాది ఇదే సభకు ఆ జాబితా తీసుకురండి. ఉపన్యాసానికి బదులు దాన్నే చదువుదాం.